ధూంధాం రాత్రి: నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పాట విన్నవారి చరిత్ర

వ్యాస సంగ్రహం

తెలంగాణ ఉద్యమ పాటపై వచ్చిన రచనల్లో కవి, గాయకుడు, నాయకుడు ప్రధానంగా కనిపిస్తారు. ఆ పాట కోసం ఎండాకాలపు రాత్రి పొరుగూరికి వెళ్లి, తెల్లవారుజామున ఇంటికి చేరిన శ్రోత కనిపించడు. పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలను క్షేత్రంగా తీసుకొని, ఆశ్రిత కులాల కథాగానం నుంచి ధూంధాం వరకు శ్రోత స్థానం ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 'అభిమాని' అనే శ్రోత ఈ నేలపై ఎప్పుడు, ఏ పరిస్థితుల్లో పుట్టాడన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలక పదాలు: ధూంధాం, శ్రోత, మిరాశి, గొల్లసుద్దులు, సుద్దాల హనుమంతు, బెల్లి లలిత, పాలమూరు, ఉద్యమ పాట.

1. ఉపోద్ఘాతం

'ధూంధాం' ఉర్దూ నుంచి దక్కనీ వాడుక మీదుగా తెలంగాణ తెలుగులోకి వచ్చిన మాట. ఉద్యమానికి ముందు ఆ మాట ఎక్కువగా పెండ్లిళ్ల సందర్భంలో వినిపించేది. ఫలానా వారి పెండ్లి ధూంధాంగా జరిగిందంటే బాజాలు, విందు, జనం, రాత్రంతా సందడి అని అర్థం. 2002 సెప్టెంబరు 30న కామారెడ్డిలో జరిగిన సభతో ఈ మాట ఒక ప్రదర్శన రూపానికి పేరైంది. రసమయి బాలకిషన్ దానికి సారథ్యం వహించారు. తర్వాతి పన్నెండేళ్లలో ధూంధాం జరగని పట్టణం తెలంగాణలో దాదాపు లేదు. విదేశాల్లోని తెలంగాణ సంఘాలు కూడా ఇదే పేరుతో కార్యక్రమాలు జరుపుకొన్నాయి.

ఈ చరిత్రను చెప్పేటప్పుడు మనం సాధారణంగా వేదిక వైపు చూస్తాం. ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఏ నాయకుడు మాట్లాడాడు అన్నవే నమోదవుతాయి. పత్రికా వార్తల్లో శ్రోతకు దక్కింది 'వేలాదిగా తరలివచ్చిన జనం' అన్న ఒక్క పదబంధం. సాహిత్య చరిత్రలో పాఠకుడి పాత్ర గురించి చర్చించడం మనకు కొత్త కాదు. పాట విషయానికి వచ్చేసరికి మాత్రం వినేవాడిని లెక్కపెట్టడంతో సరిపెట్టుకున్నాం. ఎంతమంది వచ్చారన్నది రాజకీయ సమాచారం. ఎందుకు వచ్చారు, ఎలా వచ్చారు, ఏమి విడిచి వచ్చారు అన్నవి చరిత్రకు కావలసిన ప్రశ్నలు.

ధూంధాంను సంగీత కచేరీ అనవచ్చునా అన్న సందేహం రావచ్చు. 1969 ఆగస్టులో, తెలంగాణలో తొలిదశ ఉద్యమం సాగిన ఆ సంవత్సరమే, అమెరికాలో వుడ్‌స్టాక్ ఉత్సవం జరిగింది. ఒక పాల రైతు పొలంలో లక్షలమంది యువకులు మూడు రోజులు పాటలు విన్నారు. ఆ శ్రోతలపై పుస్తకాలు, చలనచిత్రాలు వచ్చాయి, ఒక తరానికే ఆ పేరు పెట్టారు. మన దగ్గర టిక్కెట్టు లేదు, కంచె లేదు, వచ్చినవారిలో చాలామంది మరునాడు పొలానికో కూలికో పోవలసినవారు. తమకు నచ్చిన గాయకుల కోసం రాత్రిని ఖర్చుపెట్టడంలో మాత్రం ఇద్దరికీ తేడా లేదు. కచేరీ అన్న మాటకు సభామర్యాద, నిశ్శబ్దం ముడిపడి ఉన్నాయి కనుక ఈ వ్యాసంలో ధూంధాం అన్న మాటనే వాడుతున్నాను.

2. పుట్టుకతో వచ్చిన శ్రోత

దక్షిణ తెలంగాణ పల్లెల్లో పాట ఎవరు పాడాలన్నది కులం నిర్ణయించినట్లే, ఎవరు వినాలన్నదీ కులమే నిర్ణయించింది. చిందువారు మాదిగలకు, ఒగ్గువారు కురుమ గొల్లలకు, కూనపులివారు పద్మశాలీలకు, కాకిపడగలవారు ముదిరాజులకు కథ చెప్పారు. ఈ సంబంధానికి మిరాశి అని పేరు. ఏ ఊళ్లు ఏ బృందానివో ముందే పంపకమై ఉండేవి. కళాకారుడికి గింజలు, బట్టలు, కట్నం ఇవ్వడం దాత కులపు బాధ్యత, తన కులపురాణం వినడం దాని హక్కు. బాగా పాడినందుకు ఇచ్చేదీ, పాడకున్నా ఇవ్వక తప్పనిదీ ఆ కట్నంలో కలిసే ఉండేవి.

పాలమూరులో కిన్నెర కథ దీనికి మంచి ఉదాహరణ. డక్కలివారు మాదిగలను ఆశ్రయించిన కులం. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథ చెబుతారు. 2022లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం లభించింది. పండుగ సాయన్న ధనికులను దోచి పేదలకు పంచినవాడని పాలమూరు జనం చెప్పుకొనే వీరుడు. కులపురాణం చెప్పే వాద్యం మీదికి కులాలన్నిటికీ కావలసిన వీరుడి కథ ఎక్కింది. మిరాశి హద్దులు లోపలినుంచే సడలడానికి ఇటువంటి కథలు కారణమయ్యాయని నా అభిప్రాయం. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఈ వాద్యాలకు పురస్కారాలు వచ్చిన కాలానికి, వాటికి రాత్రంతా కూర్చునే శ్రోతలు దాదాపు కరువయ్యారు.

ఊరంతా కలిసి చూసిన ఆటలు లేవని కాదు. వీధి భాగోతం, చిరుతల రామాయణం అటువంటివే. చిరుతల రామాయణంలో ఆడేవారు వృత్తి కళాకారులు కారు, ఊరి రైతులు, యువకులే. గురువును పిలిపించుకొని, రోజూ రాత్రిపూట నేర్చుకొని, తర్వాత ఆడేవారు. యాసంగి పంట ఇంటికి చేరి, తొలకరికి ఇంకా వ్యవధి ఉన్న ఎండాకాలం ఇందుకు అనువైన అదను. అయితే ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది ఆ ఆట దగ్గర కూడా ఊరి కట్టుబాటు ప్రకారమే సాగింది. దొర మంచం ముందు వరుసలో పడింది, వాడలవారు దూరంగా నిలబడ్డారు. చదివింపుల వేళ ఎవరి పేరు ముందు పిలవాలన్నదానిపై తగవులు వచ్చేవి. పాట అందరిదైనా చోటు అందరిదీ కాలేదు.

3. సంఘం వచ్చాక

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ తర్వాత నల్లగొండ జిల్లా పల్లెల్లో 'సంఘం' పాదుకొంది. సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అమలులో ఉన్న రాజ్యంలో ప్రజలు ఒకచోట చేరడమే కష్టమైన పని. సభకు అనుమతి కావాలి. గొల్లసుద్దులు ఊళ్లోకి వస్తే అడిగేవారు లేరు.

సుద్దాల హనుమంతు ప్రాముఖ్యం ఇక్కడ ఉంది. గొల్లసుద్దులు, ఫకీరు వేషం, పిట్టలదొర వంటి రూపాలను ఆయన సంఘం ప్రచారానికి మలిచారు. ఈ మార్పును మన విమర్శకులు ఎక్కువగా వస్తువు దృష్టితో చూశారు. పాత సీసాలో కొత్త సారా పోశారన్నది వారి వివరణ. శ్రోత వైపు నుంచి చూస్తే ఇంకొకటి కనిపిస్తుంది. గొల్లల కోసమే చెప్పవలసిన రూపాన్ని వెట్టి చేసే కులాలన్నిటి ముందూ ఆయన నిలబెట్టారు. మంగలి, చాకలి, మాదిగ, గొల్ల, చిన్న రైతు ఒకే కథకు ఒకే కారణంతో శ్రోతలయ్యారు. తనకు మిరాశి లేని కళను తనదిగా వినడం ఆ శ్రోతకు కొత్త అనుభవం. ఆ కారణం పేరు వెట్టి, దాన్ని చెప్పిన వేదిక పేరు సంఘం.

వినడం అప్పుడు ప్రమాదకరమైన పని కూడా. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య మరణం తర్వాత పోరాటం సాయుధ రూపం దాల్చింది. రజాకార్ల కాలంలో, 1948 తర్వాతి సైనిక చర్యల కాలంలో పాట పాడినవాడితోపాటు విన్నవాడు కూడా అనుమానితుడే. ఆ తరం పాటల సేకరణలో జయధీర్ తిరుమలరావు వంటివారి కృషి వల్ల పాఠాలు మిగిలాయి. ఏ రాత్రి, ఏ గుట్ట చాటున, ఎవరు విన్నారన్నది పాడినవారి జ్ఞాపకాల అంచుల్లో మాత్రమే దొరుకుతుంది.

1951లో పోరాట విరమణ తర్వాత ఆ పాటలు నిశ్శబ్దంగా బతికాయి. వాటిని తర్వాతి తరానికి మళ్లీ వినిపించినది సినిమా. గౌతం ఘోష్ దర్శకత్వంలో బి. నర్సింగరావు నిర్మించిన 'మా భూమి'లో బండి యాదగిరి పాటను గద్దర్, సుద్దాల హనుమంతు పాటను సంధ్య పాడారు. నల్లగొండ పల్లె పాట సినిమా హాలు నుంచి నల్లగొండ పల్లెకు తిరిగి చేరింది. 1972లో మొదలైన జననాట్యమండలి, 1974 నాటి అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య అప్పటికే కొత్త శ్రోతలను తయారుచేస్తున్నాయి. గోచీ, గొంగడి, కర్ర, గజ్జె అన్న గాయకుడి వేషం జనం కళ్లలో స్థిరపడింది. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభకు వచ్చిన జనసందోహం ఆ శ్రోతలు ఎంతగా విస్తరించారో చూపింది.

4. భువనగిరి నుంచి కామారెడ్డికి

1997 మార్చి 8, 9 తేదీల్లో భువనగిరిలో, అదే సంవత్సరం ఆగస్టులో సూర్యాపేటలో జరిగిన సభలు మలిదశ ఉద్యమానికి బీజాలు. రెండూ నల్లగొండ జిల్లాలోనివే కావడం యాదృచ్ఛికం కాదు. పాట విని కూడే అలవాటు అర్ధశతాబ్దంగా ఉన్న జిల్లా అది. భువనగిరి ప్రాంతానికి చెందిన బెల్లి లలిత స్పిన్నింగ్ మిల్లులో పనిచేసిన కార్మికురాలు. తెలంగాణ కళాసమితి గాయనిగా ఆమె గొంతు ఊరూరా తెలిసింది. 1999 మే నెలలో ఆమె దారుణంగా హత్యకు గురయ్యారు. అప్పటికి ఆమె వయసు ఇరవై అయిదు.

చిలీలో 1973 సెప్టెంబరులో గాయకుడు విక్టర్ హారాను సైనిక పాలకులు చంపారు. ఆయనను నిర్బంధించిన క్రీడా మైదానానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. బెల్లి లలిత పాడిన చోట్లకు అటువంటి గుర్తులు పెద్దగా లేవు. ఆమె పాటను ప్రత్యక్షంగా విన్నవారిలో ముఖ్యంగా స్త్రీల సాక్ష్యం ఇంకా సేకరించవలసి ఉంది. స్త్రీ వేదికపై నిలిచి పాడుతుంటే మైదానంలో స్త్రీలు కూర్చున్న తీరు మారుతుంది. ఆలేరులో పుట్టిన విమలక్క సభల గురించి రాసేవారు ఈ కోణాన్ని విడువరాదు. బతుకమ్మ ఆటలో శ్రోత అంటూ ఉండదు, వలయంలో ఉన్న ప్రతి స్త్రీ పాడుతుంది. ఆ అలవాటున్న స్త్రీలు ధూంధాంకు వచ్చినప్పుడు మౌనంగా వినలేదు.

హత్య జరిగిన మూడేళ్లకు కామారెడ్డిలో ధూంధాం మొదలైంది. ఈ మధ్యకాలపు భయాన్ని లెక్కలోకి తీసుకోకుండా ధూంధాంలోని ఉల్లాసాన్ని అర్థం చేసుకోలేం. అది కేవలం వినోదం కాదని పలువురు రాశారు. వినోదం కూడానని నేను అంటాను. మిమిక్రీ, హాస్యం, ఎగతాళి, డప్పు దరువు, చిందు లేకుంటే జనం అర్ధరాత్రి దాకా కూర్చునేవారు కారు. ఉద్యమ వ్యాసాల్లో 'ఆనందం' అన్న మాట ఎందుకో అరుదుగా కనిపిస్తుంది.

5. ఎండాకాలపు రాత్రి

నల్లగొండ, పాలమూరుల్లో మే నెల పగలు 44, 45 డిగ్రీలకు చేరుతుంది. రాతినేల మాపటిదాకా వేడిని కక్కుతూనే ఉంటుంది. ఈ కాలంలో సభ అంటే రాత్రి సభే. జూనియర్ కళాశాల మైదానమో, బస్టాండు ముందరి కూడలో, ఊరి బయటి ఎండిన చెరువు శిఖమో వేదికవుతుంది. రెండు ట్రాక్టరు ట్రాలీలు దగ్గరకు చేర్చి బల్లలు పరిస్తే మంచె సిద్ధం. ప్రదర్శన ఎనిమిదికని ప్రకటిస్తారు, తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. అసలైన గాయకుడు రావడానికి పదకొండు దాటుతుంది. అభిమానికి ఈ సంగతి తెలుసు, అయినా ఏడింటికే వచ్చి ముందు చోటు పట్టుకుంటాడు.

అతడు దేనిని విడిచి వచ్చాడన్నది ఆలోచించాలి. 2004 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయానికి ఏడు గంటల ఉచిత విద్యుత్తు ఇచ్చారు. అది తరచుగా రెండు విడతలుగా వచ్చేది, ఒక విడత రాత్రి. బోరుబావి మీద ఆధారపడిన రైతు అర్ధరాత్రి పొలానికి పోయి మోటారు స్టార్టరు నొక్కాలి. చీకట్లో పాము కాటుకు, కరెంటు షాకుకు చనిపోయినవారి వార్తలు ఆనాటి జిల్లా సంచికల్లో తరచూ వచ్చేవి. ధూంధాంకు రావడమంటే ఆ రాత్రి తడిని వదులుకోవడమో, తమ్ముడికి అప్పగించడమో. వేదికపై నీళ్లు, కృష్ణా జలాల వాటా, ఫ్లోరైడు గురించి పాట వస్తే అతడు వినేది రూపకాన్ని కాదు, తాను ఆ గంటలో చేయకుండా వచ్చిన పనిని. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల శ్రోతకు ఫ్లోరైడు పాట తన ఇంటి వంగిన ఎముకల పాట.

పాలమూరు శ్రోత కథ వేరు. గుంపు మేస్త్రీ దగ్గర ముందస్తు సొమ్ము తీసుకొని, ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు మట్టి మోసిన జిల్లా అది. నారాయణపేట, కోస్గి వైపు పల్లెల నుంచి ముంబయికి వలసపోయిన కుటుంబాలెన్నో. అటువంటి కుటుంబం సొంత ఊళ్లో అందరూ కలిసి ఉండే రోజులు కొన్నే. ఎండాకాలపు పెండ్లిళ్లు, జాతరలు, తొలకరికి ముందరి ఇంటి పనులు వారిని రప్పించే సందర్భాలు. వలస గురించిన పాటకు పాలమూరు మైదానంలో ఉన్న బరువు ఇంకొక చోట ఉండదు. ఎవరి గురించి పాడుతున్నారో వారు నెల రోజుల కోసం వచ్చి ఎదురుగా కూర్చొని ఉంటారు.

ఆ జిల్లా గౌరారం గ్రామం నుంచి వచ్చిన గోరటి వెంకన్న పాట ఈ శ్రోతల మధ్య పెరిగింది. ప్రపంచీకరణలో నలిగిన పల్లె దుఃఖంపై ఆయన రాసిన పాట 'కుబుసం' సినిమా ద్వారా తెలుగు నేలంతా తెలిసింది. 2021కి 'వల్లంకి తాళం' కావ్యానికి ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పుస్తకంలో చదివేవారికి ఆయన పదజాలం కష్టమని కొందరంటారు. పిట్టల పేర్లు, చెట్ల పేర్లు, వాగుల పేర్లు విన్న మైదానంలో ఆ ఫిర్యాదు వినిపించదు.

6. పల్లవిలో సగం

ధూంధాం పాట నిర్మాణంలోనే శ్రోతకు చోటుంది. గాయకుడు ఒక చరణం అందుకొని ఆగుతాడు, వెనుకనున్న వంతగాళ్లు పల్లవి ఎత్తుకుంటారు, మూడోసారికి మైదానం ఎత్తుకుంటుంది. ఈ వంత పద్ధతి నాట్లు వేసేటప్పటి పాటల్లో, బతుకమ్మలో, ఒగ్గు కథలో ఉన్నదే. గాయకుడు మైదానాన్ని బట్టి పాటను పొడిగిస్తాడు, కుదిస్తాడు, ఊరి పేరు చేర్చుతాడు, మొన్నటి సంఘటనను ఇముడ్చుతాడు. 2009 నవంబరు 29న మోత్కూరు ప్రాంతపు యువకుడు కాసోజు శ్రీకాంతాచారి ఆత్మాహుతికి పాల్పడి, డిసెంబరు 3న మరణించిన తర్వాత నల్లగొండ సభల్లో అమరుల పాటకు మైదానం స్పందించిన తీరు మారింది. పాఠం అదే, దానిని ఎత్తుకున్న గొంతులకు మాత్రం పేరు తెలిసిన చావు ఒకటి ఉంది. ముద్రిత పాఠాన్ని మాత్రమే పరిశీలించే పరిశోధనకు ఈ తేడా అందదు.

కనుక ఒక్కొక్క పాటకు ఒకే కర్త పేరు రాయడం న్యాయమే అయినా సంపూర్ణం కాదు. శ్రోతకు కర్తృత్వంలో వాటా ఇవ్వాలనడం భావుకత అనిపించవచ్చు. అయితే ఏ చరణం నిలిచింది, ఏది రాలిపోయింది అన్నది తేల్చింది మైదానమే. జనం ఎత్తుకోని చరణాన్ని గాయకుడు రెండో ఊళ్లో పాడడు.

అభిమాని అన్న మాటకు ఇక్కడ కచ్చితమైన అర్థం చెప్పుకోవచ్చు. మిరాశి శ్రోత పుట్టుకతో వచ్చాడు, సంఘం శ్రోత వెట్టి బాధతో వచ్చాడు. ధూంధాం అభిమాని ఒక గొంతును ఎంచుకొని వచ్చాడు. గద్దర్ కోసం వచ్చినవారు వేరు, విమలక్క కోసం వచ్చినవారు వేరు, ఏపూరి సోమన్న పాటకో సాయిచంద్ పాటకో వచ్చిన యువకులు వేరు. ఉద్యమమంతా ఒకటే అయినా గొంతు విషయంలో అతడికి పక్షపాతం ఉంది. క్యాసెట్టు కొన్నాడు, తర్వాత సీడీ, ఆ తర్వాత సెల్‌ఫోను దుకాణంలో మెమొరీ కార్డులోకి పాటలు ఎక్కించుకున్నాడు. నాయకుడి ఉపన్యాసం మొదలవగానే చాయ్ తాగడానికి లేచి, పాట మొదలవగానే తిరిగి వచ్చే స్వాతంత్ర్యం అతడిది. ఉద్యమ చరిత్రల్లో ఈ లేచిపోవడం నమోదు కాలేదు. నిర్వాహకులకు మాత్రం బాగా తెలుసు. ఉపన్యాసానికి ముందొక పాట, తర్వాత ఇంకా మంచి పాట ఉంచడం వారు నేర్చుకున్న విద్య.

7. 2014 తర్వాత

2014 జూన్ 2న, ఎండాకాలం చివర, రాష్ట్రం ఏర్పడింది. అదే సంవత్సరం ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథిని ఏర్పాటు చేసి వందలాది ఉద్యమ కళాకారులకు ఉద్యోగాలిచ్చింది. దానికి రసమయి బాలకిషన్ అధ్యక్షులయ్యారు. కళాకారుడు జీతం తీసుకోవడాన్ని తప్పు పట్టేవారితో నేను ఏకీభవించను. మిరాశి కట్నం మీద బతికినవారి వారసులకు నెల జీతం అవమానం కాదు. నష్టపోయింది శ్రోత. పథకాల ప్రచారానికి వచ్చిన అదే గొంతు, అదే గజ్జె ముందు అతడు ఏ కారణంతో రాత్రి మేల్కోవాలి? ప్రశ్నించే పాట విని పెరిగిన చెవికి వివరించే పాట తక్కువగా తోచింది. అధికారిక వేదికకు పగలు చాలు, రాత్రి అక్కరలేదు.

2016లో, 2019లో జిల్లాలు విడిపోయి పాత నల్లగొండ మూడుగా, పాత పాలమూరు అయిదుగా మారాయి. ఎండాకాలపు రాత్రి సందడి ఇప్పుడు ఎక్కువగా పెండ్లి బరాత్‌లది. డీజే పెట్టెల్లో జానపద దరువులు మోగుతున్నాయి, వాటిలో ఉద్యమ పాటల వరసలు గుర్తుపట్టవచ్చు. ధూంధాం అన్న మాట తన పాత అర్థానికి, పెండ్లి సందడికి, చేరుకుంటోంది.

వనపర్తి జిల్లా అమరచింతకు చెందిన సాయిచంద్ 2023 జూన్ 29న, గద్దర్ అదే ఏడు ఆగస్టు 6న మరణించారు. అప్పటికి సాయిచంద్ వయసు నలభై నిండలేదు. మిట్టపల్లి సురేందర్ రాసి సాయిచంద్ పాడిన అమరుల పాట రికార్డులు ఆ వారాల్లో పాలమూరు ఊళ్లలో మళ్లీ మళ్లీ వినిపించాయి. వాటిలో స్టూడియోలో చేసినవి ఉన్నాయి, మైదానాల్లో సెల్‌ఫోన్లతో పట్టుకున్నవి ఉన్నాయి. పరిశోధకుడికి రెండో రకమే విలువైనది. వాటిలో మైకు కీచుమంటుంది, డప్పు పగిలినట్లు వినిపిస్తుంది, గాయకుడి గొంతు దూరంగా ఉంటుంది. అన్నిటికంటే దగ్గరగా, అన్నిటికంటే గట్టిగా వినిపించేది ఫోను పట్టుకున్నవాడి గొంతు. శ్రుతి తప్పి, అరదరువు ఆలస్యంగా, పల్లవి అందుకుంటూ ఉంటుంది. భద్రపరిచేవారు ఆ గొంతును రొద అనుకొని తొలగించకుండా ఉంటే, ఊరి పేరు, తేదీ అడిగి రాసి పెట్టుకుంటే, ఈ చరిత్రకు మొదటి ఆకరం అదే అవుతుంది.